అరచేతి బరువు

ఆ వానాకాలం మొదట్లో నేను మా కొట్లో పనికిరాకుండా పోయాను.

మాది సోఫాలు చేసే కొట్టు. చట్రాలు తమ్ముడు బిగిస్తాడు, కవర్లు మా ఆవిడ కుడుతుంది, స్ప్రింగులూ ఫోమూ నేను చూస్తాను. అన్నీ అయ్యాక, సోఫా గుమ్మం దాటాలంటే ఇంకొక్క పని మిగులుతుంది. నేను దాని మీద కూర్చోవాలి. మెల్లగా కాదు, రద్దీ బస్సులో సీటు దొరికినవాడిలా ధబాలున కూర్చోవాలి. అటు జరగాలి, ఇటు జరగాలి, ఒక మూలకి వాలాలి, చేతుల ఆసరా లేకుండా లేవాలి. నా అంత లావు మనిషికి కిక్కురుమనని సోఫా ఇక ఎవరు కూర్చున్నా అనదు. కొనడానికి వచ్చినవాళ్ళు ఆ తతంగం చూడ్డానికే కాసేపు ఆగేవాళ్ళు. "మా అన్నయ్య కూర్చున్నాడంటే మీ ఇంటిల్లిపాదీ కూర్చున్నట్టేనండీ" అనేవాడు తమ్ముడు. వాడి నోటికి అడ్డూ ఆపూ లేదు. నాకూ నవ్వే వచ్చేది. బయట ఎక్కడికి వెళ్ళినా నా ఒళ్ళు నా పరువు తీసేది. బస్సెక్కితే చాలు, పక్కసీటు ఖాళీ ఉన్నవాళ్ళు గబగబా అందులో సంచి పెట్టేసుకునేవాళ్ళు. కొట్లో మాత్రం అదే ఒళ్ళు నన్ను తలెత్తుకునేలా చేసేది.

ఎండాకాలం చివర్లో మోకాళ్ళూ ఊపిరీ ఒకేసారి మొరాయించాయి. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకోక తప్పలేదు. సర్జన్ గారు పెద్దావిడ, మాటలో మెత్తదనం ఉన్న మనిషి. ఇంటికి పంపేరోజు నా పని గురించి అడిగి, అక్కడే ఒక ఆర్డరు ఇచ్చారు.

"మా హాల్లో కుర్చీలు చూశారుగా? అన్నిటికీ చేతులే. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది వాటిలో పట్టక నిలబడే ఉంటారు. పొడుగ్గా, మధ్యలో చేతుల్లేకుండా సోఫాలు చేసివ్వండి. మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?"

"ఒక్కొక్కటీ నేనే కూర్చుని పాస్ చేసి పంపిస్తానండీ" అన్నాను దర్జాగా.

ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఎందుకు నవ్వారో నాకు ఇంటికొచ్చి, బట్టలు వదులవడం మొదలయ్యాక గానీ తట్టలేదు.

కొట్లోకి మళ్ళీ అడుగు పెట్టేసరికి వానలు జోరందుకున్నాయి. ఆస్పత్రి సోఫాల్లో మొదటిది తయారై ఉంది. తమ్ముడూ మా ఆవిడా చేతిలో పని ఆపి నిలబడ్డారు. నేను అలవాటుగా ధబాలున కూర్చున్నాను. ధబాలుమనలేదు. అటు జరిగాను, ఇటు జరిగాను. ఇదివరకు కూర్చోగానే కింద ఏ స్ప్రింగు సోమరిగా ఉందో, ఏ మూల బలహీనమో ఒంటికి తెలిసిపోయేది. ఇప్పుడు ఎవరింటికో చుట్టంచూపుగా వెళ్ళి కూర్చున్నట్టుంది.

"ఎలా ఉందన్నయ్యా?" అన్నాడు తమ్ముడు.

"ఏమో రా. నాకేం తెలీడం లేదు."

మర్నాటికి వాడే ఉపాయం కనిపెట్టాడు. పక్కన ఇల్లు కడుతున్నవాళ్ళ దగ్గర ఇసుక అడిగి తెచ్చి, గోనెసంచుల్లో నింపి, నా పాత బరువుకి సరిగ్గా తూచి కట్టాడు. పై సంచికి నా పాత చొక్కా కూడా తొడిగాడు.

"ఇదిగో, పాత అన్నయ్య! పాపం, కాఫీ కూడా అడగడు" అన్నాడు.

అందరితో పాటు నేనూ నవ్వాను. తర్వాత వెనక గదిలోకి వెళ్ళి ఫోమ్ ముక్కల మధ్య కూలబడ్డాను. నా కళ్ళముందే నా బదులు ఇసుక మూట పాస్ చేస్తోంది. ఇంత కష్టపడి ఆపరేషన్ చేయించుకున్నది ఇందుకా అని కడుపు మండిపోయింది.

ఒళ్ళు కూడా నా మాట వినడం మానేసింది. బరువు తగ్గుతుంటే హాయిగా ఉండాలా, మెడ పట్టేసేది, నడుము లాగేసేది. ఎప్పుడూ చలే. పొట్ట మీదా చేతుల కిందా చర్మం వదులై వేలాడుతుంటే అద్దం ముందు నిలబడ్డం మానేశాను. రాత్రిళ్ళు ఎటు తిరిగి పడుకున్నా ఏదో ఒక ఎముక నేనున్నానంటూ గుచ్చుకునేది. మా ఆవిడ భుజం మీద చెయ్యి వేస్తే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవాణ్ణి. ఆ పూట కుట్టుమిషన్ మామూలు కంటే గట్టిగా మోగేది.

తర్వాతిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు సర్జన్ గారు కుట్లు చూసి, పూర్తిగా మానాయన్నారు. నా నడక చూసి మాత్రం మొహం చిట్లించారు.

"వంగిపోయి నడుస్తున్నారేంటి? రోజూ నడుస్తున్నారుగా?"

"నడుస్తున్నానండీ. నడిచినంతసేపూ నడుము తిడుతూనే ఉంది."

ఆవిడ నన్ను కింది అంతస్తులో ఉన్న ఫిజియో దగ్గరికి పంపించారు. పీలగా, పొడుగ్గా ఉన్నాడాయన. పని చేస్తున్నంతసేపూ ఏదో పాట శ్రుతి లేకుండా కూనిరాగం తీస్తుంటాడు. ముందు నన్ను కూర్చోబెట్టి ప్రశ్నల వర్షం కురిపించాడు. రక్తం పల్చబడే మందులు వాడుతున్నానా, జ్వరం వస్తోందా, కాళ్ళలో వాపుందా?

"ఒక పిక్కలోనే నొప్పొచ్చినా, వాచినా నాకు ముందు చెప్పాలి. అప్పుడు నేను ముట్టుకోను, తిన్నగా పైకి పంపించేస్తాను. ఇంకో మాట. మర్దనతో కొవ్వు కరగదు, వదులైన చర్మం బిగుసుకోదు. ఎవరైనా అలా చెప్తే నమ్మకండి."

"మరి దేనికండీ ఇదంతా?"

"మీ నొప్పికి, మీ నిద్రకి. మిగతాది మీరే చెప్తారు నాకు."

బల్ల మీద బోర్లా పడుకోవడమే నాకు కొత్త. ఎన్నేళ్ళైందో అలా పడుకుని. పొట్ట దగ్గర మెత్తటి దిండ్లు సర్ది, చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుని, ఆయన నా వీపు మీద అరచేతులు పెట్టాడు. పెట్టి ఊరుకున్నాడు. కాసేపటికి ఆ చేతులు బరువెక్కడం తెలిసింది.

"నొక్కుతున్నట్టే లేదేంటండీ?" అన్నాను.

"నొక్కడం లేదు, ఆనుకుంటున్నాను. నొక్కితే కండరం ఎదురు తిరుగుతుంది. ఆనుకుని ఓపిగ్గా ఉంటే అదే దారిస్తుంది. అప్పుడు లోపల ముడి ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. ఇదిగో, ఇక్కడ."

సరిగ్గా అక్కడే నా ప్రాణం లేచొచ్చింది.

"ఇన్నేళ్ళూ ముందున్న బరువుకి సర్దుకోవడానికి వెనక్కి వాలి నడిచారు మీరు. పొట్ట తగ్గిపోతోందని మీ వీపుకి ఇంకా ఎవరూ చెప్పలేదు. అది పాత డ్యూటీయే చేస్తోంది. అందుకే వీపు వెనక్కి లాగుతుంటే మీరు ముందుకి వంగుతున్నారు."

వీపుకి ఆ సంగతి తీరిగ్గా, శ్రుతి లేని పాటతో కలిపి చెప్పాడాయన. నాకు ఏడుపొచ్చింది, నొప్పికి కాదు. ఎవరైనా నన్ను ముట్టుకుంటారేమో అని ఎన్నాళ్ళుగా ఒళ్ళు బిగబట్టుకుని ఉన్నానో అప్పుడు తెలిసింది. మొహం పెట్టుకోవడానికి ఆ బల్లకి కన్నం ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆయన చూసేవాడు. ఆ రాత్రి ఎలా పడుకున్నానో అలాగే లేచాను.

"గుర్రుపెట్టారు" అంది మా ఆవిడ పొద్దున్నే. "ఎన్నాళ్ళైందో విని. హాయిగా ఉంది."

తర్వాతిసారి ఆమె కూడా వచ్చింది. ఇంట్లో ఎంతవరకు చెయ్యొచ్చో ఫిజియో ఆమెకి చూపించాడు. భుజాలు, వీపు, చేతులు, పాదాలు. సర్జన్ గారిని అడిగి, మానిన కుట్ల చుట్టూ పొట్ట మీద కూడా మెత్తగా ఎలా రాయాలో నేర్పాడు. ఏళ్ళ తరబడి గుడ్డ మీద తిరిగిన చేతులు కదా, ఇట్టే పట్టేసింది.

మధ్యాహ్నాలు వాన పడుతుంటే కొట్టు తలుపు దగ్గరికి వేసి, వెనక గదిలో మర్దన మొదలుపెట్టాం. మొదటిరోజు చొక్కా విప్పమంటే కిటికీ వైపు చూస్తూ విప్పాను. ఆమె చేతిలో నూనె వేసుకుని, నా పొట్ట చర్మాన్ని రెండు వేళ్ళతో తేలిగ్గా పట్టుకుని చూసింది. కవరు కుట్టే ముందు గుడ్డని అలాగే చూస్తుంది.

"బాగానే మిగిలింది. కుచ్చులు పెట్టనా?"

నాకు ముక్కు మీదికి కోపం వచ్చింది. తల తిప్పి చూశాను. ఆమె నవ్వడం లేదు, కళ్ళనిండా నీళ్ళు.

"మీరు లేచి వెళ్ళిపోతుంటే, నేను ముట్టుకోవడం మీకు ఇష్టం లేదేమో అనుకున్నాను" అంది.

"నీకు అసహ్యమేస్తుందేమో అనుకున్నాను నేను."

"మతి గానీ పోయిందా మీకు? పడుకోండి తిన్నగా."

పడుకున్నాను. ఆమె అరచెయ్యి ఆ వదులు చర్మం మీదే ఆగింది, ఎక్కడికీ తొందరపడలేదు. సిగ్గు అక్కడికక్కడే మాయమైపోయిందని చెప్పను గానీ, ఆ తర్వాత ఆమె ఎదురుగా చొక్కా మార్చుకోవడానికి గోడవైపు తిరగలేదు.

మెల్లగా మెడ తిరిగింది. నడుము నడకకి అడ్డం రావడం మానేసింది, వాన తెరిపిచ్చినప్పుడల్లా వీధి చివరిదాకా వెళ్ళొచ్చేవాణ్ణి. ఇంకో మేలు కూడా జరిగింది, నేనూహించనిది. ఒక సాయంత్రం తమ్ముడు ఇసుక మూటల్ని పట్టుకుని "అన్నయ్యా, కాస్త జరుగు" అని హాస్యమాడాడు. ఇంటికొచ్చాక చూసుకుంటే వంటింటి అలమర ముందు నిలబడి ఉన్నాను.

"ఆకలా, కోపమా?" అంది మా ఆవిడ వెనకనుంచి.

"తెలీడం లేదు."

"కూర్చోండి." నా ఎడమచెయ్యి తీసుకుని, అరచేతి మధ్యనుంచి వేళ్ళ చివరిదాకా మెల్లగా రాయడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి సగంలో ఉండగా నాకే తెలిసిపోయింది.

"కోపమే" అన్నాను.

"అయితే అలమర మూసి రండి."

ఈలోగా ఇసుక మూటలు పాస్ చేసిన సోఫా ఒకటి నమూనాగా ఆస్పత్రి హాలుకి వెళ్ళింది. అది నచ్చితే మిగతావి పంపించాలి. మర్దన కోసం వెళ్ళిన రోజు హాల్లోనే ఆగాను. మన సోఫా ఎలా ఉందో చూసుకోవాలని ఉబలాటం.

ఒక లావుపాటి అమ్మాయి వచ్చింది, భుజాన పెద్ద సంచి. చేతుల కుర్చీల వంక ఓసారి, సోఫా వంక ఓసారి చూసి, సోఫా అంచున కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకోవడానికి కాస్త పక్కకి ఒరిగింది. సోఫా కిర్రుమంది.

పెద్ద చప్పుడేం కాదు. ఎదురుగా ఉన్న ఇద్దరు తలెత్తి చూసి, మళ్ళీ తలదించుకున్నారు, అంతే. ఆ అమ్మాయి మాత్రం వెంటనే లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట ఏదో ముఖ్యమైనది ఉన్నట్టు వానని చూస్తూ నిలబడింది. అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. అలాంటి కిటికీల దగ్గర నేను చాలాసార్లు నిలబడ్డాను. తనని లోపలికి పిలిచేదాకా ఆమె మళ్ళీ కూర్చోలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు మర్దన బల్ల ఎక్కకుండానే వచ్చేశాను.

కొట్లోకి వస్తూనే ఇసుక మూట మీదున్న నా చొక్కా లాగి అవతల పారేశాను.

"ఏమైందన్నయ్యా?" అన్నాడు తమ్ముడు కంగారుగా.

చెప్పాను. వాడి మొహం పాలిపోయింది.

"అంత బరువుకీ ఆగింది కదా! రాత్రంతా ఉంచాను వాటిని."

"ఆగింది. మూట కదలదు రా. మనిషి కదులుతాడు. లావు మనిషి ఇంకా కదులుతాడు, పక్కవాడికి తగులుతున్నానేమో, ఎక్కువ చోటు తీసుకుంటున్నానేమో అని. మూటకి బిడియం ఉండదు."

మిగతా సోఫాలు వరసగా ఉన్నాయి. వానాకాలం ముగిసేలోగా అందిస్తానని మాటిచ్చినవాణ్ణి నేను.

"చౌరస్తాలో తాళాలు చేసే ఆయన్ని పిలుద్దామా?" అన్నాడు తమ్ముడు మెల్లగా. "నీ పాత సైజే."

"పిలిచి ఏమంటావు? 'అయ్యా, మీరు లావు, వచ్చి మా సోఫా మీద గెంతండి' అంటావా?"

"నేనైతే అనను. వదిన చేత అనిపిస్తా" అన్నాడు. మా ఆవిడ కత్తెర చూపించింది.

నేను వరసలో మొదటి సోఫా ముందుకి వెళ్ళాను. కూర్చోబోయి ఆగాను. ఎందుకో చేతులు రుద్దుకున్నాను. రెండు అరచేతులూ సీటు మీద పెట్టి ఊరుకున్నాను. తర్వాత కాళ్ళమీంచి, నడుముమీంచి ఉన్న కాస్త బరువునీ మెల్లగా చేతుల్లోకి వదిలాను. నొక్కలేదు, ఆనుకున్నాను. ఫోమ్ దారిచ్చింది, దాని కింద స్ప్రింగులు ఒక్కొక్కటే చేతికి వచ్చాయి. బరువుని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చాను, ముందునుంచి వెనక్కి తీసుకెళ్ళాను.

"ఇది బాగుంది" అన్నాను.

రెండోదీ బాగుంది. మూడోదాని దగ్గర, బరువు వెనక కుడి మూలకి వెళ్ళినప్పుడల్లా అరచేతి కింద ఏదో సన్నగా జారుతోంది. చప్పుడు లేదు. ఆగి, మళ్ళీ అటే ఆనుకున్నాను. మళ్ళీ జారింది.

"ఇది విప్పండి."

తమ్ముడు దాని మీద కూర్చున్నాడు, ఊగాడు, గెంతాడు. "ఏం లేదన్నయ్యా, రాయిలా ఉంది."

"విప్పు."

మా ఆవిడ అప్పటికే కవరు కుట్టు ఊడదీస్తోంది. తను రెండు రోజులు కూర్చుని కుట్టిన కుట్టు. తమ్ముడు గొణుక్కుంటూ కిందిపట్టీలు ఊడదీసి, టార్చి వేసి లోపలికి తల దూర్చాడు. చాలాసేపు బయటికి తీయలేదు. కుడి మూలలో చట్రానికి దన్నుగా అతికించే చెక్కముక్క చేత్తో పట్టుకుంటే వచ్చేసింది. వానల చెమ్మకి దాని వెనక జిగురు ఇంకా పచ్చిగానే ఉంది.

వాడు ఆ ముక్కని చేతిలో తిప్పి చూశాడు.

"మిగతావి కూడా చూడు అన్నయ్యా" అన్నాడు.

సాయంత్రందాకా చూస్తూనే ఉన్నాను. ఇంకొన్నిటిలో అదే జబ్బు దొరికింది. ఆస్పత్రికి వెళ్ళిన నమూనాని వెనక్కి తెప్పించి విప్పితే దానిలోనూ అంతే. తమ్ముడు చెమ్మ తగలకుండా పైగదిలో దీపాలు పెట్టి జిగురు ఆరబెట్టాడు, ప్రతి మూలకీ మేకులు కూడా దించాడు. ఇసుక తిరిగి ఇచ్చేశాం. నా పాత చొక్కాని మా ఆవిడ చింపి నూనె గుడ్డలు చేసింది.

తర్వాత ఫిజియోకి ఈ సంగతి చెప్తే ఆయన పాట ఆపి, "నా విద్య కర్రసామానుకి కూడా పనికొస్తుందా!" అని పొంగిపోయాడు.

"నడుం నొప్పైతే నాకంటే వాటికే తొందరగా తగ్గిందండీ" అన్నాను.

వానలు వెనకపట్టు పట్టిన వారంలో సోఫాలన్నీ హాల్లో దింపాం. సర్జన్ గారు వచ్చి చూశారు.

"అన్నీ మీరే కూర్చుని పాస్ చేశారా?" అన్నారు, ఆర్డరిచ్చిన రోజు నవ్వే నవ్వుతూ.

"కూర్చోలేదండీ. చెయ్యి వేశాను" అన్నాను. ఆవిడకి అర్థమైందో లేదో గానీ, తలూపి లోపలికి వెళ్ళిపోయారు.

తమ్ముడు బండి దగ్గరికి వెళ్ళాడు. నేను కాసేపు గోడ పక్కన నిలబడ్డాను. జనం ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. వాళ్ళలో ఆ అమ్మాయి కూడా ఉంది, అదే పెద్ద సంచితో. కిటికీ దగ్గరికి వెళ్తుందేమో అని చూస్తున్నాను. ఆమె సోఫా అంచున కూర్చుంది. ఆగింది, వింటోంది. కొంచెం కదిలింది, మళ్ళీ వింది. ఏమీ వినపడలేదు. అప్పుడు వెనక్కి జరిగి, వీపు పూర్తిగా ఆనించి, కాళ్ళు చాపుకుని, సంచిలోంచి పుస్తకం తీసుకుంది.

నేను కదలబోతుంటే తలెత్తి నన్ను చూసింది. చాలాసేపటినుంచి నిలబడ్డానని గమనించినట్టుంది. పక్కనున్న సంచిని తీసి కింద పెట్టింది.

"రండి, కూర్చోండి. చోటుంది" అంది.

నా జన్మలో ఆ మాట నాతో ఎవరూ అనలేదు. వెళ్ళి, ధబాలున కాదు, మామూలుగా ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె పేజీ తిప్పుకుంది. బయట తమ్ముడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. మోగించనీ అని వీపు ఆనించి కూర్చున్నాను. మా ఇద్దరి మధ్యా ఇంకొకరికి చోటు మిగిలింది.